మూడు శాలువాల బాబాయి గారు

మొన్న నా రిటైర్మెంటు సభలో, నలుగురూ చప్పట్లు కొడుతుండగా మా కార్యదర్శి గారు నా భుజాల మీద శాలువా కప్పారు. దణ్ణం పెట్టాల్సిన రెండు చేతుల్లో ఒకటి దణ్ణం సంగతి మర్చిపోయి శాలువా మూల వెతకడం మొదలుపెట్టింది. మడతలో ఎక్కడైనా నల్లసిరాతో చాకలి గుర్తు ఉందేమోనని. లేదు. కొత్త శాలువాయే. పక్కనున్నావిడ నా చెవిలో "ఖరీదు చూస్తున్నారా ఏంటండి?" అని నవ్వింది. ఆవిడకేం తెలుసు! శాలువా కప్పితే మూల చూసుకోవడం మా బ్లడ్ బ్యాంకులో పాతవాళ్ళందరికీ ఉన్న అలవాటు. ఆ అలవాటు చేసిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడా రాకూడదని ఆయనే పెట్టుకున్న రూలు. తొంభైల్లో నేను రాజమండ్రిలో ఒక ట్రస్టు నడిపే చిన్న బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్ని. రెండు గదులు, ఒక వరండా, రెండు ఫ్రిజ్‌లు, మొదలుపెడితే వీధంతా దద్దరిల్లే ఒక జనరేటరు, అదే మా సామ్రాజ్యం. ఆయన ఒక పెద్ద ఫ్యాక్టరీలో పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యి, మా దగ్గర జీతం లేని కొలువులో చేరారు. ఎదురుగా అందరం బాబాయి గారూ అనేవాళ్ళం. చాటున మాత్రం పబ్లిసిటీ బాబాయి.

ఉద్యోగంలో ఏం చేసేవారండి అని మొదటిరోజే అడిగాను.

"రెండే పనులమ్మా. మా ఎండీ గారి ఫోటో పేపర్లో వచ్చేలా చూడ్డం, మా పొగగొట్టం ఫోటో పేపర్లో రాకుండా చూడ్డం. మొదటిదానికి పెద్ద తెలివక్కర్లేదు. రెండోదానికే జీతమిచ్చేవారు."

"మరి మా దగ్గరేం చేస్తారండి?"

"మీ దగ్గర దాచడానికేం లేదు కదా. అదే భయంగా ఉంది. అలవాటు లేని పని."

మనిషి పొట్టి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు, చంకలో జిప్పున్న రెక్సిన్ బ్యాగు. ఆ బ్యాగులో లెటర్‌ప్యాడ్లు, జిగురుసీసా, గుండుసూదులు, దువ్వెన, పేపరు కత్తిరింపులు, ఒక బుల్లి ఫ్లాస్కు ఉండేవి. వాటిలో ఏదైనా అడక్కుండా తీసుకోవచ్చు, ఫ్లాస్కు తప్ప. దాని మీద చెయ్యి పడితే చిన్నపిల్లాడిలా లాగేసుకునేవారు. వాళ్ళావిడ చేసిచ్చిన ఘుమఘుమలాడే కాఫీ ఏదో అందులో ఉందనీ, మాకు పొయ్యడానికి చేతులు రావట్లేదనీ మేమే తీర్పు చెప్పేసుకున్నాం. తక్కిన విషయాల్లో పిసినారి కాదు. సభల్లో తనకిచ్చిన కాజాల పొట్లాలన్నీ తెచ్చి మా బల్ల మీద పెట్టేసేవారు. ఆ ఒక్క ఫ్లాస్కు దగ్గరే ఎందుకంత పట్టింపో మాకు అర్థమయ్యేది కాదు.

ఇంకో జబ్బుండేది ఆయనకి. పేపరు హెడ్డింగుల్లో మాట్లాడ్డం. కాఫీ ఆలస్యమైతే "కాఫీ కోసం వృద్ధుని నిరీక్షణ". వానలో తడిసొస్తే "మోపెడ్‌కు ఉచిత స్నానం". ఒంట్లో ఎలా ఉందండి అంటే "పరిస్థితి నిలకడగా ఉందని కుటుంబ వర్గాల వెల్లడి". ఇష్టంలేని ప్రశ్న వేస్తే "వ్యాఖ్యానించేందుకు అధికారి నిరాకరణ". వాళ్ళావిడ, మేం పిన్నిగారూ అనేవాళ్ళం, ఒకసారి నాతో మొరపెట్టుకుంది. "పెళ్ళిచూపుల్లోనూ అంతేనమ్మా. అమ్మాయి నచ్చిందా బాబూ అని మా నాన్నగారు అడిగితే, చర్చలు ఫలప్రదం అన్నారు."

వచ్చిన వారం రోజులకే మా కార్యదర్శి గారు రాసిన ప్రెస్‌నోటు ఒకటి ఆయన చేతికి చిక్కింది. నాలుగు పేజీలు. శిబి చక్రవర్తితో మొదలై, దధీచి మీదుగా, కర్ణుడి దగ్గర కాసేపు ఆగి, మూడో పేజీ చివర్లో మా శిబిరం దగ్గరికి వస్తుంది. బాబాయి గారు దాన్ని ఎంతో గౌరవంగా రెండు చేతులతో పట్టుకుని చదివి, ఎర్రపెన్ను తీశారు.

"శిబి చక్రవర్తి దగ్గర బయల్దేరితే మన గుమ్మం దాకా వచ్చేసరికి చదివేవాడు సినిమా పేజీకి వెళ్ళిపోతాడండి. ఎవరికి కావాలి, ఎక్కడికి రావాలి, ఎన్నింటికి రావాలి, రాకపోతే ఏమవుతుంది. నాలుగే ముక్కలు."

ఆ నాలుగు ముక్కలు రాసి, మధ్యాహ్నం మూడింటికల్లా మోపెడ్ మీద ఒక్కో విలేకరి ఇంటికీ స్వయంగా వెళ్ళి ఇచ్చేవారు. విలేకరుల వార్తల కవర్లు సాయంత్రం బస్సులో పత్రికాఫీసుకి వెళ్ళిపోతాయి, ఆ బస్సు తప్పితే మర్నాటి పేపరు తప్పినట్టే. ఏ విలేకరి పిల్లాడు ఎన్నో క్లాసో, ఎవరి అత్తగారికి మోకాళ్ళ నొప్పులో ఆయనకి నోటికొచ్చు. మర్నాడు పేపర్లో మా వార్త చుట్టూ గీతలతో పెట్టెకట్టి వస్తే, చూడనట్టే చూసి, కత్తిరించి బ్యాగులో పెట్టుకునేవారు.

కానీ ఆయన అసలు విద్య పేపర్లో కాదు, శాలువాలో ఉంది. మన గోదావరి జిల్లాల్లో రక్తం ఇమ్మంటే ఎవరూ ఇవ్వం అనరు. అలా అనడం మర్యాద కాదు. "అయ్యో, అంతకంటేనాండి, తప్పకుండా" అంటారు. ఆ రోజుకి మాత్రం కంటికి కనబడరు. మా పాత శిబిరాల రిజిస్టరు తిరగేసి బాబాయి గారు ఒక మాటన్నారు.

"మీరు దయ అడుగుతున్నారమ్మా. మనవాళ్ళకి దయ లేక కాదు, ఉంది. అది బీరువాలో ఉంటుంది, తాళం వెతుక్కోవాలి. మొహమాటమైతే వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. అడగాల్సింది దాన్ని."

ఎలా అడగాలో కోనసీమలో ఒక ఊళ్ళో చూపించారు. శిబిరానికి ముందురోజు సాయంత్రం ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పారు. రేపు ఉదయం హైస్కూల్లో జరిగే రక్తదాన శిబిరంలో మన ప్రియతమ ప్రెసిడెంటు గారు మొట్టమొదటి దాతగా రక్తమిచ్చి ప్రారంభిస్తారని చాటింపు. ఆ ప్రెసిడెంటు గారికి ఈ సంగతి కొబ్బరితోటలోంచి ఇంటికొస్తుంటే ఆటోలోంచే తెలిసింది. మర్నాడు బుల్లెట్టు దిగుతూనే, మెలేసిన మీసాల కింద నుంచి నిప్పులు కక్కారు.

"ఏంటండి బాబూ ఇది? రక్తమిస్తానని మీతో నేనెప్పుడన్నానండి?"

"అనలేదండి."

"మరి ఊరంతా ఎలా చెప్పించేశారండి?"

"మా ప్రెసిడెంటు గారు వెనకాడే మనిషి కాదని ఊళ్ళో అందరూ అంటున్నారండి. ఆ మాటే కాస్త గట్టిగా చెప్పించాను."

ఆయన జవాబు వెతుక్కునేలోపు మెడలో బంతిపూల దండ, భుజాల మీద శాలువా పడిపోయాయి. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. హైస్కూలు అరుగుల మీద ఊరు ఊరంతా కూర్చుని చూస్తోంది. ప్రెసిడెంటు గారు గొంతు తగ్గించి, "ఆయ్, ఇవ్వడానికేం కాదండి. నాక్కాస్త షుగరు..." అన్నారు.

"అయ్యయ్యో. ఎప్పటినుంచండి?"

"మొన్ననే... ఈ మధ్యే."

"మందులేం వాడుతున్నారండి?"

"ఇంకా మొదలెట్టలేదండి."

"మా అమ్మాయి ఒక్క నిమిషంలో చెప్పేస్తుందండి" అని నన్ను చూపించారు. నేను పరీక్ష చేశాను. షుగరూ లేదు, దాని నీడా లేదు. బాబాయి గారు మైకు అందుకుని, "మన ప్రెసిడెంటు గారు సంపూర్ణ ఆరోగ్యవంతులని వైద్య వర్గాలు వెల్లడించాయి!" అన్నారు. ఊరు చప్పట్లు కొట్టింది. ఇక ఏ మగాడు వెనక్కి వెళ్ళగలడు? ప్రెసిడెంటు గారు ఇచ్చాక మాజీ ప్రెసిడెంటు గారు ఊరుకుంటారా? ఆయనా వచ్చారు. ఆయన వచ్చాక ఆయన బావమరిది, ఈయన బావమరిది. మధ్యాహ్నానికి మేం తెచ్చుకున్న రక్తం నింపే సంచులు అయిపోయాయి.

సన్మానం ముందు, రక్తం తరువాత. అదీ సూత్రం. మొత్తం మీద మాకున్నవి మూడు శాలువాలు. మెరూనుది, ఆకుపచ్చది, ఆవపిండి రంగుది. ఫోటో అవగానే, "ఇస్త్రీ చేయించి పంపిస్తామండి" అంటూ భుజం మీంచి సుతారంగా లాగేసి బ్యాగులో పెట్టుకునేవారు. అవి చాకలింటికెళ్ళి, మూలల్లో నల్ల గుర్తులు వేయించుకుని, ఇంకో ఊళ్ళో ఇంకో భుజానికి వెళ్ళేవి. ఒకాయన పట్టు వదలక నా శాలువా ఎప్పుడు పంపుతారని కార్డు రాశాడు. "తమ శాలువా ప్రస్తుతం అమలాపురం పర్యటనలో ఉన్నది" అని బాబాయి గారు జవాబు రాశారు. ఆయన నవ్వుకున్నాడో తిట్టుకున్నాడో తెలియదు గానీ, మరుసటి ఏడు మళ్ళీ వచ్చి రక్తమిచ్చాడు.

శిబిరాల్లో మాకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఆ షుగరు అనే మాటే. వరసలో ఒకరిని షుగరుందని పంపిస్తే చాలు, వెనక నిలబడ్డ పదిమందికీ అప్పటికప్పుడు ఒంట్లో నీరసం, కాళ్ళ తిమ్మిర్లు. అందుకని నిజంగా ఉన్నవాళ్ళని బాబాయి గారు భుజం మీద చెయ్యేసి, ఏదో సొంత విషయం మాట్లాడుతున్నట్టు తీసుకెళ్ళి, వెనక గుమ్మం నుంచి పంపించేవారు.

ఇంతమంది చేత సూది పొడిపించిన పెద్దమనిషి, సూది ఉన్న గదిలోకి అడుగు పెట్టేవారు కాదు. ఇదే మాకు పెద్ద వేడుక. గుమ్మానికి కట్టిన తెరకి వీపు పెట్టి నిలబడి, లోపలికి వెళ్ళబోయే దాతలకి రెండు చేతులూ జోడించేవారు. "నాకు సూదంటే పైప్రాణాలు పైనే పోతాయండి. మీకున్న గుండె నాకు లేదు. మీరెళ్ళి రండి, నేనిక్కడ దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను." ఆ మాట విన్న ప్రతి మగాడూ ఛాతీ రెండంగుళాలు పెంచి లోపలికి వెళ్ళేవాడు.

నేను ఊరుకునేదాన్ని కాదు. అరవై దాటితే రక్తం తీసుకోం కాబట్టి, "బాబాయి గారూ, ఇంకా ఇరవై నెలలుందండి", "ఇంకా పద్నాలుగు నెలలండి" అని లెక్క చెబుతూ వెంటపడేదాన్ని. ఒకరోజు శనివారం ఉపవాసమనేవారు. ఇంకోరోజు అమావాస్యనేవారు. అరవై నిండిన రోజు కాజాలు పంచి, "గండం గడిచిన వృద్ధుడు, బ్లడ్ బ్యాంకు వర్గాల దిగ్భ్రాంతి" అని ప్రకటించారు. అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. నిజం చెప్పొద్దూ, నా నవ్వులో కాస్త చిన్నచూపు కూడా ఉండేది. నీతులు చెప్పడానికే ఉన్నాడు మహానుభావుడు అనుకునేదాన్ని.

సత్యవతి సంగతి చెప్పకుండా ఆయన సంగతి పూర్తి కాదు. పిఠాపురం అవతల, ఉప్పాడ దారిలో ఒక ఊరు వాళ్ళది. తండ్రి మగ్గం నేస్తాడు. పిల్లకి తొమ్మిదేళ్ళు. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, లేకపోతే మనిషి వాడిపోతుంది. పైగా బి నెగటివ్, ఊరికే దొరికే గ్రూపు కాదు. వాళ్ళమ్మ ఆ పిల్లని తీసుకుని రెండు బస్సులు మారి మా దగ్గరికొచ్చేది. సత్య వచ్చిందంటే మా వరండాలో కబుర్లే కబుర్లు. ఎడమ చెయ్యి సూదికిచ్చి, కుడిచేత్తో అష్టాచెమ్మా గవ్వలు వేసే పిల్ల. బాబాయి గారు గుమ్మం బయట కుర్చీ వేసుకుని, తలుపు పక్క నుంచి చెయ్యి మాత్రం లోపలికి చాపి ఆడేవారు. తొండాట ఆడేది ఆయనే. పట్టుకునేది సత్య.

ఒక వేసవిలో ఎండలకి కాలేజీలు మూసేశారు, శిబిరాలు లేవు, ఫ్రిజ్‌లో బి నెగటివ్ ఒక్క సంచీ లేదు. సత్యకి గడువు దాటి వారమైంది. పెదాలు పాలిపోయాయి. గవ్వలు వెయ్యడానికి ఓపిక లేక పడుకుని ఉంది. బాబాయి గారు నిమిషం నిలబడి చూసి, వెళ్ళి ఫోటోగ్రాఫరుని తీసుకొచ్చారు.

"ఫోటో ఎందుకండి, ఆడపిల్ల..." అని నసిగింది వాళ్ళమ్మ.

"ఫోటో లేని వార్త ఉప్పులేని పప్పమ్మా. ఎవరూ ముట్టరు."

సత్యని లేపి కూర్చోబెట్టారు. ఫోటో అనగానే ఆ పిల్ల ఉన్న ఓపికంతా కూడదీసుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "నవ్వకూడదమ్మా" అన్నారు బాబాయి గారు. జడలో కనకాంబరాలు తీయించారు. చేతులు ముందుకు చాపమన్నారు, కళ్ళు దించమన్నారు. మర్నాడు జిల్లా పేజీలో పెద్ద ఫోటో. "గుక్కెడు రక్తం కోసం చిన్నారి ఎదురుచూపు". హెడ్డింగు ఆయనదే. పది గంటలకల్లా మా వరండా నిండిపోయింది. ఒకాయన ధవళేశ్వరం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బి నెగటివ్ వాళ్ళు నలుగురు దొరికారు. సత్య పెదాలకి సాయంత్రానికి రంగొచ్చింది. బాబాయి గారు ఆ రోజంతా పెళ్ళికొడుకులా తిరిగారు.

నెల తిరక్కుండా బళ్ళు తెరిచారు. తరువాతి రక్తానికి వచ్చినప్పుడు సత్య గవ్వలు తీయలేదు. బాబాయి గారు తలుపు పక్క నుంచి చెయ్యి చాపితే చూసి ఊరుకుంది. వాళ్ళమ్మే చెప్పింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని. ఆ పేపరు ముక్క ఊరంతా తిరిగింది. బడిలో పిల్లలు పక్కన కూర్చోవట్లేదు. రక్తం తాగే పిల్ల అంటున్నారు. ఎయిడ్సేమోనన్న భయంతో క్లాసు టీచరు కూడా వేరే బెంచీ వేయించారు.

బాబాయి గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. నోట్లోంచి ఒక్క హెడ్డింగు రాలేదు.

"తాతగారూ, ఆ పేపరు మీరే వేయించారు కదండి?" అంది సత్య.

"నేనేనమ్మా."

"వెనక్కి తీసేసుకోండి."

ఆయన బ్యాగు జిప్పు తీసి, మళ్ళీ మూశారు.

"నేనలా ఉండనండి. నవ్వుతానండి నేను. మీరే నవ్వొద్దన్నారు."

ముప్పై ఏళ్ళు పొగగొట్టాన్ని పేపర్లోకి రాకుండా ఆపిన మనిషి. ఒక పిల్ల ఫోటోని వెనక్కి తీసుకోలేకపోయారు. వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, బ్యాగులోంచి ఆ కత్తిరింపు తీసి, మళ్ళీ మడిచి, మళ్ళీ తీసి చూసుకుంటున్నారు. నేను కాఫీ ఇస్తే, "అచ్చయింది వెనక్కి రాదమ్మా. ఆ సంగతి తెలిసే కదా ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నాను" అన్నారు. అంత దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

వారం తిరక్కుండా నన్నూ, రక్తం గ్రూపు చూసే సామాను పెట్టెనీ వెంటబెట్టుకుని ఆ ఊరి బడికి బయల్దేరారు. శాలువాలు తీసుకోలేదు. ఫోటోగ్రాఫరు ఏడండి అంటే, "ఇవాళ వార్త లేదమ్మా" అన్నారు. హెడ్మాస్టారు పిల్లలందర్నీ చెట్లనీడలో వరసలుగా కూర్చోబెట్టారు. సత్య చివర్న, ఒక్కతే. ఆమెకీ పక్కపిల్లకీ మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత జాగా.

బాబాయి గారు మైకు పుచ్చుకుని, ఇవాళ ఎవరి రక్తం ఏ గ్రూపో అందరికీ చూసి చీటీ రాసిస్తామనీ, వేలి మీద చిన్న చురుకే తప్ప ఇంకేం ఉండదనీ చెప్పారు. "ముందు ఎవరొస్తారు?" అన్నారు. పెద్దక్లాసు మగపిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. క్లాసు టీచరు చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

అప్పుడు లేచింది సత్య. చకచకా నడుచుకుంటూ ముందుకొచ్చి, "తాతగారూ, ముందు మీరు పొడిపించుకోండి" అంది. మైకు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి ఆ మాట బడంతా వినబడింది.

నాకు ఎంత సంతోషమయ్యిందో! ఇన్నేళ్ళకి దొరికారు అనుకున్నాను. ఇక తప్పించుకోవడానికి అమావాస్య కూడా కాదు. బాబాయి గారు ఎడంచేతి వేలు చాపి, మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను అలా పొడిచానో లేదో, "అమ్మో!" అని ఒక్క అరుపు అరిచి, పక్కనున్న బెంచీ మీద వెల్లకిలా పడిపోయారు. మైకు దొర్లిపోయి కీచుమంది. హెడ్మాస్టారు నీళ్ళ కోసం పరిగెత్తారు.

అందరికన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్ళింది సత్యే. దూదిముక్క తీసి ఆయన వేలికి అదిమిపట్టి, వంగి మొహంలోకి చూసి, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి ముందు వరస నవ్వింది, ఆ తరువాత బడంతా నవ్వింది, చివరికి క్లాసు టీచరు కూడా. బాబాయి గారు లేచి కూర్చుని, దొర్లిన మైకు అందుకుని, "నీకు మూడు వారాలకోసారి ఇంతకన్నా పెద్ద సూది కదమ్మా? ఎలా ఓర్చుకుంటావు?" అని అడిగారు.

"ఏం కాదండి. అటు చూడాలి, అంతే" అంది సత్య.

ఇక ఆ రోజు సామ్రాజ్యం దానిదే. భయపడే ప్రతి పిల్ల పక్కనా నిలబడి, చెయ్యి పట్టుకుని, "అటు చూడు, కాకి చూడు" అంటూ వరస నడిపించింది. పిల్లలు చీటీలు చేతబట్టుకుని నాది ఓ, నాది ఏ అని గోల. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పక్కన కూర్చోని వాళ్ళు ఆ మధ్యాహ్నం దాని చెయ్యి పట్టుకోవడానికి తోసుకున్నారు. మాస్టార్లకీ చూస్తే డ్రిల్లు మాస్టారిది బి నెగటివ్‌గా తేలింది. ఆయన ఆ తరువాత ఎన్నోసార్లు వచ్చి ఇచ్చారు. వేరే బెంచీ మర్నాడే పోయిందని వాళ్ళమ్మ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను. "నిజంగా పడిపోయారా, నటించారా బాబాయి గారూ?"

"వ్యాఖ్యానించేందుకు అధికారి నిరాకరణ" అని కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ మొహం చూస్తే నిజంగానే పడిపోయారని, పరువు కోసం బింకం నటిస్తున్నారని నాకు నమ్మకం కుదిరింది. మర్నాడు మా వాళ్ళందరికీ ఆ పడ్డం ఎలా పడ్డారో అభినయించి మరీ చూపించాను. ఆయన కూడా కూర్చుని నవ్వారు. ఏళ్ళ తరబడి చూపిస్తూనే ఉన్నాను.

ఆయన పోయింది రెండువేలు దాటిన కొన్నేళ్ళకి. ఒక ఉదయం గుండె ఆగిపోయింది. మేం వెళ్ళేసరికి వాళ్ళింటి వరండాలో పడుకోబెట్టి ఉంచారు. పైన మెరూను శాలువా కప్పారు. ఆయనకి జీవితంలో ఎవరూ సన్మానం చెయ్యలేదు, అందరి సన్మానాలూ చేసే హడావిడిలో మాకూ తట్టలేదు. నా చెయ్యి దానంతటదే మూల తడిమింది. నల్ల గుర్తు ఉంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పదకొండోరోజు వెళ్ళినప్పుడు పిన్నిగారు నన్ను వంటింట్లోకి పిలిచి, ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తీసి ఇచ్చింది.

"ఇవి మీ దగ్గర ఎవరికైనా పనికొస్తాయేమో చూడమ్మా. పారెయ్యడానికి చేతులు రావట్లేదు."

ఇన్సులిన్ సీసాలు. మూత తియ్యనివి నాలుగు.

"ఎవరివండి ఇవి?"

"ఆయనవే. మీ దగ్గర చేరక ముందు నుంచీ. పొద్దున్న, సాయంత్రం తన సూది తనే పొడుచుకునేవారు. ఊళ్ళు తిరిగినప్పుడు ఐసుముక్కలు వేసి ఫ్లాస్కులో పెట్టిచ్చేదాన్ని. భోజనానికి ముందు ఎక్కడో చాటుకెళ్ళి వేసుకునేవారు."

ల్యాబులో అన్నేళ్ళు పనిచేసిన దాన్ని నేను. చెయ్యి కడుక్కునే నెపంతో ఆయన ప్రతి శిబిరంలో భోజనానికి ముందు మాయమైతే, ఫోటో కోసం తల దువ్వుకోడానికి అనుకున్నాను. ఇన్సులిన్ వాడేవాళ్ళ రక్తం మేమే తీసుకోం. ఇరవై నెలలు, పద్నాలుగు నెలలు అని లెక్కలు చెబుతూ వెంటపడింది ఎవరి వెనక!

"ఒక్క మాట చెబితే పోయేది కదండీ" అన్నాను.

"నేనూ అన్నానమ్మా. వాళ్ళు పిరికివాడని నవ్వుతున్నారు, చెప్పెయ్యకూడదా అని. దానికాయన, నేను షుగరని చెబితే జిల్లా మొత్తానికి షుగరొస్తుందే, భయమని చెబితే అందరికీ ధైర్యమొస్తుంది అన్నారు."

ఆ తరువాత సత్య రక్తానికి వచ్చింది. అప్పటికి పెద్దపిల్ల, మిషను కుట్టుకుంటోంది. చెయ్యి సూదికిచ్చి కూర్చుంది. నేను సీసాల సంగతి చెప్పాను. ఇన్నేళ్ళూ మనమంతా ఎంత మోసపోయామో చూశావా, ఆ రోజు బడిలో ఆయన నిజంగా పడిపోలేదే పిచ్చిపిల్లా అన్నాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు తెలుసండి" అంది.

"నీకెలా తెలుసే?"

"దూది పట్టుకుని వంగాను కదండి. ఒక కన్ను తెరిచి నన్ను చూశారు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం? నేనందరికీ పడి చూపిస్తుంటే పక్కనే కూర్చుని నవ్వేదానివి కూడాను!"

సత్య కాసేపు సంచీలోంచి దిగుతున్న రక్తం వైపు చూసింది. కళ్ళు నిండుకొచ్చాయి గానీ మొహంలో నవ్వే ఉంది.

"ఆయన చెప్పిందే చేశానండి. ఎవరికీ వినబడకుండా అన్నారు. ఇప్పుడు నవ్వమ్మా, గట్టిగా నవ్వు, అందరూ చూస్తున్నారు అని."